స్పూన్ అడిగిన పిల్లోడు

కడప నుంచి ఒక చెల్లెలు రాసింది. కొడుక్కి 9 ఏళ్ళు, సాయంత్రం అసర్ నమాజు అయినాక మక్తబ్‌కి, అంటే ఖురాన్ చదవడం నేర్పే చిన్న మదరసాకి పోతాడు, అరబీ అక్షరాలు నేర్పే నూరానీ ఖాయిదా పుస్తకం సగంలో ఉన్నాడు, అక్కడ చదువు చెప్పే గురువును హజ్రత్ అంటారు. మొన్న రాత్రి అన్నం స్పూన్‌తో తింటా అన్నాడంట, ఎప్పుడూ లేంది ఇదేందిరా అని చెయ్యి తిప్పి చూస్తే అరచెయ్యి వాచి వేళ్ళు ముడవడం లేదు, సైకిల్ మీంచి పడినా అన్నాడంట. వాళ్ళ నాయనేమో "హజ్రత్ కొట్టిన చోట నరకం మంట తాకదులే" అని టీవీ చూస్తా కూర్చున్నాడు. మదరసా మార్చాలా అక్కా, కొట్టమని మన దీన్‌లోనే, మతంలోనే ఉందా, ఇదీ ఆమె అడిగేది.

మార్చేయ్ చెల్లెమ్మా, దానికి నన్ను అడగాల్నా, కడపలో ఇంకో హజ్రత్ దొరకడా. నన్ను కుట్టింది అది కాదు. దెబ్బ హజ్రత్ కొట్టినాడు, అబద్ధం మాత్రం మీ పిల్లోడు మీకు చెప్పినాడు, సొంత ఇంట్లో. ఎందుకంటావు? చేర్పించిన రోజు వాడి ముందరే "మాంసం మీది, ఎముకలు మాకు చాలు హజ్రత్" అని, అంటే ఎంతైనా కొట్టుకోండి అని చెప్పొచ్చింది మీ ఆయనేనని నువ్వే రాసినావు. మా నాయన కూడా అనంతపురంలో నన్ను వదిలేటప్పుడు ఇదే మాట అన్నాడు, నవ్వుతానే అన్నాడు, ఆయనకు గుర్తు కూడా ఉండదు, నేను మాత్రం మర్చిపోలా. ఆ మాట విన్న పిల్లకు అర్థమయ్యేది ఒకటే, ఇంట్లో చెప్పుకొని లాభం లేదని.

ఇంక మీ ఆయన చూపించిన హదీసు, 7 ఏళ్ళకు నమాజు చెప్పండి 10 ఏళ్ళకు చదవకుంటే కొట్టండి అని, అబూదావూద్ అనే హదీసుల పుస్తకంలో ఉంది, కాదనను. అది తల్లిదండ్రులకు చెప్పింది, నమాజు గురించి చెప్పింది, అరబీ అక్షరాల గుర్తులు, జబర్ జేర్ తప్పు చదివినందుకు కాదు. మధ్యలో 3 ఏళ్ళు ఉండాయి, రోజుకు 5 పూటలు లెక్కేసుకో, 5 వేల సార్లకు పైనే మంచిగా పిలవాల. జుమ్మాకు తప్ప మసీదు మెట్టెక్కని మనిషి ఎన్నిసార్లు పిలిచినాడంట? పైగా వాడికి ఇంకా 10 నిండనే లేదు. ప్రవక్త సహచరుడు అనస్ 10 ఏళ్ళు ఆయన దగ్గర పనిచేసి, ఒక్కసారి కూడా నన్ను విసుక్కొని ఉఫ్ అనలేదు అని చెప్పుకున్నాడు కదా, అది మీ ఆయనకు ఎవరూ చెప్పలేదా. 14వ శతాబ్దంలోనే ఇబ్న్ ఖల్దూన్ అనే ముస్లిం పండితుడు రాసిపెట్టినాడు, దెబ్బలతో చదివే పిల్లోడికి అబద్ధం, మోసం, సోమరితనం అలవాటైతాయని. మీవోడి సైకిల్ కథ అట్ల పుట్టిందే.

చట్టం సంగతంటావా, 2012లో మదరసాలను విద్యాహక్కు చట్టం నుంచి తప్పించింది నిజమే, కానీ 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ఉంది, తన చేతికింద ఉన్న పిల్లోణ్ణి హింసిస్తే 3 ఏళ్ళ దాకా జైలు. మళ్ళీ చెయ్యి వాస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ కొట్టు.

కానీ ముందు మీ ఆయన పోవాల. కొడుకును పక్కన పెట్టుకొని, హజ్రత్‌కు సలాం చెప్పి, ఆరోజు అన్న మాట వాపసు తీసుకుంటున్నా, ఇంక మావోడి మీద చెయ్యి వేయొద్దు అని వాడు వినేట్లు చెప్పాల. నువ్వు చాటుగా కొబ్బరినూనె పూసి "నాయనకు చెప్పొద్దులే" అన్నావే, అది కూడా మానుకో, నాకు దానిమీదే ఎక్కువ కోపమొచ్చింది. ఆయన పోనంటే మీ అన్నను తోడు తీసుకొని నువ్వే పో, అయితే ఆ సంగతి మీ అత్త ముందర చెప్పేసి పో.