టెక్ సందేహాలు: పెంగ్విన్ల దగ్గరికి ఫోన్ తీసుకెళ్తే…

ప్రశ్న: నా రిటైర్మెంట్ సందర్భంగా మా అబ్బాయి మా ఇద్దరికీ అంటార్కిటికా క్రూజ్ బుక్ చేశాడు. జనవరిలో ప్రయాణం. చలికి ఫోన్ చచ్చిపోతుందని ఒకరు, బ్యాటరీ పేలుతుందని ఇంకొకరు టెన్షన్ పెడుతున్నారు. పెంగ్విన్లను పైనుంచి తీద్దామని చిన్న డ్రోన్ కూడా కొన్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు చేదు మాట చెప్పేస్తాను. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. అక్కడికి టూర్లు నడిపే సంస్థల సంఘం ఐఏఏటీఓ, తీరప్రాంతాల్లో పర్యాటకులు సరదాకి డ్రోన్ ఎగరేయడాన్ని ఒప్పుకోదు. గుడ్లూ పిల్లలూ ఉన్న గూళ్ల మీద అది రొద చేస్తూ తిరిగితే పక్షులు బెదురుతాయి మరి. దుకాణంవాడు వాపసు తీసుకుంటాడేమో అడిగి చూడండి.

చలికి బ్యాటరీ పేలదు. జనవరి అక్కడ ఎండాకాలం. ఓడలు వెళ్లే ద్వీపకల్పం వైపు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కాకపోతే చలిలో లిథియం అయాన్ బ్యాటరీ మందకొడిగా పనిచేస్తుంది. కెమెరా ఆన్ చేయగానే వోల్టేజీ పడిపోయి, 30 శాతం చూపిస్తున్న ఫోన్ కూడా టక్కున ఆరిపోవచ్చు. కంగారు పడకండి, ఒంటి వేడి తగిలేలా కోటు లోపలి జేబులో పెట్టుకుంటే మళ్లీ లేస్తుంది. గడ్డకట్టే చలిలో ఉన్న ఫోన్‌కి మాత్రం ఛార్జింగ్ పెట్టకండి, బ్యాటరీకి శాశ్వతంగా దెబ్బ. పవర్ బ్యాంక్ విమానంలో చేతి సంచీలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్ అవర్లు, 100 పరిమితి లోపే.

మీరు అడగని ప్రమాదం ఒకటుంది. అది చలి కాదు, తేమ. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీల్ చెంబుకి చెమట పట్టడం రోజూ చూస్తాం కదా. రెండు గంటలు ఒడ్డున తిరిగి వెచ్చటి క్యాబిన్‌లోకి వస్తే మీ కెమెరాకీ అదే గతి. మనాలి మంచులో ఫొటోలు తీసొచ్చి కెమెరాని హీటర్ పక్కన పెట్టిన తెలివి నాది. లెన్స్ లోపల పట్టిన ఆవిరి మర్నాడు సాయంత్రానికి గానీ వదల్లేదు. అందుకని బయట ఉండగానే కెమెరాని జిప్ కవర్‌లో పెట్టి, గాలి తీసేసి మూయండి. గదిలోకి వచ్చాక గంటో రెండు గంటలో ఆ కవర్ తెరవొద్దు. చెమటేదో కవర్‌కి పడుతుంది. ఫొటోలు చూసుకోవాలనే ఆత్రం ఉంటే మెమరీ కార్డు ముందే బయటికి తీసి ఉంచుకోండి.

ఫోన్‌కి మెడలో వేసుకునే తాడు కట్టండి. ఓడ నుంచి ఒడ్డుకి రబ్బరు పడవలో వెళ్లాలి, ఉప్పునీళ్లు చిమ్ముతాయి. ఒడ్డున ఇంకో సంగతి: పెంగ్విన్లు తినేది ఎక్కువగా క్రిల్ అనే రొయ్యల్లాంటి చిన్న సముద్ర జీవుల్ని కాబట్టి వాటి రెట్ట ఎర్రగా ఉంటుంది. ఆ కంపు పడవలో ఉండగానే ముక్కుకి తగులుతుంది. ఫోన్ అందులో పడితే సంగతి మీరే ఊహించుకోండి.

ప్రశ్న: మంచులో తీసిన ఫొటోలు బూడిద రంగులో వస్తాయెందుకు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఫ్రేమంతా తెల్లగా ఉంటే వెలుతురు ఎక్కువైందనుకుని కెమెరా తగ్గించేస్తుంది. స్క్రీన్ మీద పెంగ్విన్‌ని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం పైకి జరపండి. కెమెరా అయితే ఎక్స్‌పోజర్ (వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ 1 దగ్గర మొదలుపెట్టండి. మరీ ఎక్కువైతే పెంగ్విన్ తెల్లటి పొట్ట మీద ఈకల గీతలు మాయమవుతాయి, చూసుకోండి.

విశాఖ పాఠకుడికీ పనికొచ్చే మాట: పెంగ్విన్‌కి కనీసం 5 మీటర్ల దూరంలో ఉండాలి. బర్డ్ ఫ్లూ వచ్చాక వాటి దగ్గర నేల మీద కూర్చోవడం, మోకాళ్లూనడం, బ్యాగ్ పెట్టడం కూడా కుదరదు. కాబట్టి ఉన్నచోటే నిలబడి మూడు రెట్ల జూమ్‌తో తీయండి. కింది నుంచి తీసినట్టు రావాలంటే కాస్త వంగి, ఫోన్‌ని తలకిందులుగా పట్టుకోండి, లెన్స్ నేలకి దగ్గరవుతుంది. ఒక్కోసారి పెంగ్వినే మీ వైపు నడిచొస్తుంది. అవి రోజూ నడిచే దారులు మంచులో కాలవల్లా కనిపిస్తాయి, వాటికి అడ్డం నిలబడకండి.