వన్‌టౌన్ షావుకారు మేడలను చంపుతున్నది సిమెంటే

విశాఖ వన్‌టౌన్‌లో పాత షావుకార్ల ఇళ్ళ చరిత్ర ఏమిటి, అవెందుకు కూలిపోతున్నాయి అని అడిగారు. కురుపాం మార్కెట్ దగ్గర అలాంటి మేడలో మా తాతగారు గుమాస్తాగా చేశారు. ఆ ఇంటి వెనక వాటాలోనే నేను పెరిగాను.

1933లో హార్బర్ తెరిచే వరకు ఓడలు సముద్రంలోనే ఆగేవి. సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. అందుకే షావుకార్లు తీరానికి దగ్గరగా ఇళ్ళు కట్టుకున్నారు. కింద కొట్టు, గిడ్డంగి, పైన కాపురం. మా మేడ దూలాలు రంగం (రంగూన్) టేకు, గోడలు గానుగ సున్నం.

పాతబడి కూలిపోతున్నాయంటే నేను ఒప్పుకోను. 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆదివారం, పక్క సందులో రేకుల ఇళ్ళవాళ్ళంతా చంటిపిల్లలతో మా గిడ్డంగి గదిలోకి వచ్చేశారు. ముప్పై మందికి పైనే ఉంటాం. బయట రేకులు ఎగిరిపడుతున్న చప్పుడు. నేను గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. రెండడుగుల మందం గోడ, కొంచెం కూడా అదరలేదు. మధ్యాహ్నం గాలి కాస్త తెరిపిచ్చి, మళ్ళీ రెండో వైపు నుంచి కొట్టింది. అప్పుడు పెరటి గోడ పెచ్చులు పెచ్చులుగా ఊడిపడింది. వారసులు ఆరేడేళ్ళ ముందు సిమెంట్ పూయించింది ఆ ఒక్క గోడకే! లోపలి ఇటుకను చేత్తో నలిపితే పొడైపోయింది.

సున్నం గోడ తడిని పీల్చి మళ్ళీ వదిలేస్తుంది. సిమెంట్ దాన్ని లోపలే బంధిస్తుంది. సముద్రపు గాలి ఉప్పు అక్కడే చేరి ఇటుకను తినేస్తుంది.

టౌన్‌హాల్‌కీ, విక్టోరియా రాణి విగ్రహానికీ అందరూ ఫొటోలు తీస్తారు. ఈ మేడల దగ్గరికి మాత్రం టేకు తలుపులు బేరమాడేవాళ్ళే వస్తారు. ఆ తలుపులు రిసార్టులకు పోతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మీకు అలాంటి ఇల్లుంటే దయచేసి సిమెంట్ జోలికి పోకండి. సున్నం పని తెలిసిన తాపీమేస్త్రి కోసం మేం నాలుగు నెలలు తిరిగాం. చివరికి భీమిలి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి, సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి పెరటి గోడ మళ్ళీ పూశారు. ఇప్పటిదాకా ఆ గోడకు చెమ్మ రాలేదు.