నీటిలో పడ్డ కదురు

తల్లీ,

నీ వ్యాసం అందింది. రెండో పేజీలో ఒక వాక్యం నన్ను పట్టుకుని వదలడం లేదు. "ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటిలో సార్కోమా కణాలు కదుళ్లలా సాగి ఉంటాయి, చూడగానే తెలిసిపోతాయి" అన్నావు. ఇది స్లైడు చూసి రాసిన వాక్యం కాదు. కణితి ముక్క బొమ్మ చూసి, నీటిలోనూ అంతేనని ఊహించుకున్నావు.

కండరం, ఎముక లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్ ఈ సార్కోమా. కణితిలో ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నంతసేపే దాని కణం కదురు. నీటిలోకి రాలాక చాలాసార్లు ముడుచుకుని గుండ్రమైపోతుంది. గ్రంథి కణాల క్యాన్సర్ అడినోకార్సినోమా అనిపిస్తుంది, ఊపిరితిత్తి పొర మీద మామూలుగానే ఉండే మీసోథీలియల్ కణమనిపిస్తుంది. ఎక్కువగా ఎముకల్లో వచ్చే యూయింగ్ సార్కోమా అయితే లింఫ్ కణాల క్యాన్సర్ లింఫోమా అనే అనుకుంటాం. పైగా ఇలాంటి నీటిలో దొరికే క్యాన్సర్లలో సార్కోమా అరుదు, ఎక్కువ భాగం అవయవాల పొరల్లో, గ్రంథుల్లో పుట్టే కార్సినోమాలే. కన్ను అలవాటైన పేరు వైపే పోతుంది.

నా కన్నూ పోయింది. పాథాలజీ శిక్షణలో ఉండగా ఒక ద్రవం వచ్చింది. పంపిన కాగితం మీద "ప్లూరల్ ఫ్లూయిడ్" (ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు) అన్న రెండు మాటలే. పెద్ద పెద్ద గుండ్రటి కణాలు, కణ కేంద్రకంలో చుక్కల్లా కొట్టొచ్చినట్టున్న న్యూక్లియోలస్‌లు. అడినోకార్సినోమా అని రాసేశాను. సంతకం పెట్టబోతూ మా మేడమ్ వార్డుకి ఫోన్ చేశారు. ఆ మనిషికి రెండేళ్ల కిందట తొడలో గడ్డ తీశారట. పాత స్లైడ్లు తెప్పించి పక్కపక్కన పెట్టి చూశాం. అక్కడ కదుళ్లు, ఇక్కడ గుండ్లు. న్యూక్లియస్‌లు మాత్రం అవే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కండర ప్రోటీన్ డెస్మిన్‌ని రంగుతో పట్టే పరీక్ష పాజిటివ్ అయితే కండర సార్కోమాయేనని కూడా తేల్చేశావు. క్యాన్సర్ కాకుండానే రేగిన రియాక్టివ్ మీసోథీలియల్ కణాలు సైతం డెస్మిన్ రంగు పట్టుకుంటాయి! ద్రవంలోని కణాల్ని ముద్దగా చేర్చి మైనంలో పోసి సెల్ బ్లాక్ చేసి, అస్థికండర ప్రోటీన్ మయోజెనిన్ రంగు న్యూక్లియస్‌లో పడిందా అని చూడాలి. అలాగే కణం పైపొర ప్రోటీన్ సీడీ99 ఒక్కటే చూసి యూయింగ్ అనకు. లింఫోబ్లాస్టిక్ లింఫోమాలోనూ అది వస్తుంది.

"కావచ్చు" అన్న మాట నీ వ్యాసంలో ఒక్కచోటా లేదు. ఎవరు నేర్పారో నాకు తెలుసు. నా తొలి వ్యాసంలోని "కావచ్చు"లన్నీ ఒక సంపాదకుడు ఎర్రసిరాతో కొట్టేశాడు, పాఠకుడికి అనుమానాలు పెట్టకూడదట. ఆ కోపం నాకింకా చల్లారలేదు. ఈ ద్రవాల రిపోర్టుకి 2020లో వచ్చిన అంతర్జాతీయ పద్ధతిలో అయిదు వర్గాలుంటే, ఎటిపియా (మామూలుగా లేదు), సస్పిషస్ (క్యాన్సర్ అనుమానం) అని రెండు సందేహానికే కేటాయించారు. రిపోర్టులో చోటున్న సందేహానికి నీ వ్యాసంలో ఎందుకు లేదు?

రిపోర్టు కోసం ఎదురుచూసే తల్లి గురించి రాసిన పేరా బాగుంది, దాన్ని ముట్టుకోకు. ఏ పత్రికకి పంపాలన్నది తర్వాత చూద్దాం. ముందు మీ ల్యాబ్‌లో పాత సార్కోమా ద్రవాల స్లైడ్లు అడిగి తీయించుకో. ఒక్కో కేసుకీ కణితి స్లైడు పక్కన పెట్టుకుని చూడు. ఆ రెండో పేజీ అప్పుడు మళ్లీ రాసి పంపు.