రైలు బొమ్మే కదా అని తలుపు తీసిపెట్టకండి

ఇంట్లో ఒక గదినో, మేడ మీది రేకుల షెడ్డునో కార్ఖానాగా మార్చుకుని నమూనా రైళ్లు తయారుచేసే పాఠకుల నుంచి కొంతకాలంగా ఒకే రకం ఫిర్యాదులు మాటలు మార్చుకుని వస్తున్నాయి. విడివిడిగా జవాబులు రాసే ఓపిక నాకు లేదు కాబట్టి ఈసారి శీర్షిక మొత్తాన్ని వారికే కేటాయిస్తున్నాను. స్కేలు అంటే అసలు రైలును ఎన్నో వంతుకు కుదించామన్న లెక్క, డీసీసీ అంటే పట్టాల ద్వారానే ఒక్కో ఇంజన్‌కు విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి. అంతకు మించిన పాఠాలు ఇక్కడ ఉండవు.

ప్రశ్న (విజయవాడ నుంచి): ఆర్డ్యునో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దానిపై కూర్చునే మోటారు షీల్డుతో, ఇంజన్లకు ఆదేశాలు పంపే డీసీసీ కమాండ్ స్టేషన్ నేనే తయారుచేసుకున్నాను. ఫోన్‌లోని థ్రాటిల్ (వేగం మార్చే) యాప్‌తో ఇంజన్ నడుపుతుంటే కొద్ది నిమిషాలకే కనెక్షన్ తెగిపోతోంది. రైలు మాత్రం అదే వేగంతో తిరుగుతూనే ఉంది. బోర్డును ఇంటి రౌటర్‌కు కలిపి, రౌటర్‌లో పోర్టు (బయటి ఇంటర్నెట్ నుంచి లోపలికి దారి) తెరిస్తే ఆఫీసు నుంచి కూడా నడపవచ్చని, ఈ బాధ కూడా తీరుతుందని మిత్రుడు చెబుతున్నారు. అలా చేయవచ్చా?

జవాబు: చేయకండి. కారణం తర్వాత చెబుతాను, ముందు మీ అసలు బాధ సంగతి చూద్దాం. మీ బోర్డు సొంతంగా ఇచ్చే వైఫైలో ఇంటర్నెట్ ఉండదు. ఫోన్ ఆ సంగతి కనిపెట్టి, మిమ్మల్ని అడగకుండానే మొబైల్ డేటాకు మారిపోతుంది, ఆ క్షణంలో థ్రాటిల్ తెగిపోతుంది. వైఫై ఉన్నది ఇంటర్నెట్ కోసమేనని, గదిలోని ఇంకో వస్తువుతో మాట్లాడుకోవడానికి కూడా అది పనికొస్తుందని ఊహించకుండా ఫోన్లను తయారుచేసినవారి నిర్వాకం ఇది. దీనికి అన్నింటికంటే సులువైన విరుగుడు అల్మారాలో మూలపడి ఉన్న పాత ఫోన్. సిమ్ తీసేసి, థ్రాటిల్ యాప్ ఒక్కటే ఉంచి, దాన్ని రైళ్లకే అంకితం చేయండి. మారిపోవడానికి మొబైల్ డేటా లేదు కనుక అది పక్కదారి పట్టదు. రోజూ వాడే ఫోనే కావాలంటే వైఫై సెట్టింగులలో మొబైల్ డేటాకు దానంతటదే మారే సౌకర్యాన్ని ఆపివేయండి.

కనెక్షన్ తెగిన తర్వాత కూడా రైలు ఆగకపోవడం అంతకంటే పెద్ద లోపం. ఫోన్ నుంచి నిర్ణీత వ్యవధిలో పలకరింపు రాకపోతే ఇంజన్‌ను ఆపివేసే ఏర్పాటు వాడుకలో ఉన్న థ్రాటిల్ పద్ధతులలో ఉంది, కానీ రైలు మాటిమాటికి ఆగిపోతోందని విసుక్కుని చాలామంది దాన్ని తీసేస్తారు. రైలు నడుస్తుండగా ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి చూడండి. అర నిమిషంలో ఇంజన్ నిలిచిపోకపోతే మీ లేఅవుట్‌కు (పట్టాల అమరికకు) బ్రేకు లేనట్టే.

ఇక పోర్టు విషయం. ఇంట్లో తయారుచేసుకునే కమాండ్ స్టేషన్లకు బాగా వాడుకలో ఉన్న ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, మీరు మార్చకపోతే, వైఫై పేరు చివర కనిపించే ఆరు అక్షరాలే పాస్‌వర్డు చివర కూడా ఉంటాయి. ముందు భాగం అందరికీ ఒకటే కావడం వల్ల వీధిలో నిలబడి మీ వైఫై పేరు చదవగలిగినవారికి పాస్‌వర్డు కూడా చదివినట్టే. దాన్ని మార్చుకోవడం కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక వరుస పని, తయారుచేసినవారు ఆ సంగతి దాచిపెట్టలేదు కూడా, అయినా మార్చినవారు నాకు అరుదుగానే కనిపించారు. వైఫై దాటి లోపలికి వచ్చాక అడ్డు ఏమీ లేదు, ఎందుకంటే ఇంజన్లకు వెళ్లే ఆదేశాలు తాళం లేని మామూలు అక్షరాలే. అటువంటి బోర్డుకు ఇంటర్నెట్ నుంచి నేరుగా దారి ఇస్తే ఎవరైనా మీ ఇంజన్ నడపవచ్చు, ఆపవచ్చు, ఇంజన్‌లో ఉండి ఆదేశాలు అందుకునే డీకోడర్ల చిరునామాలు తిరగరాసి మీ ఆదివారం పాడుచేయవచ్చు.

అంతవరకే అయితే నవ్వి ఊరుకోవచ్చు. నన్ను భయపెట్టేది అదే గదిలో, అదే రౌటర్‌కు వేలాడుతున్న త్రీడీ ప్రింటర్. బోర్డుకు ఆఫీసు నుంచి దారి తెరిచిన చేత్తోనే, ప్రింటవుతున్న రైలు పెట్టె ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి ప్రింటర్‌కూ కెమెరాకూ దారి తెరుస్తారు. 2018లో సాన్స్ సంస్థకు చెందిన భద్రతా నిపుణులు వెదికితే 3,700కు పైగా త్రీడీ ప్రింటర్ల నియంత్రణ పేజీలు ఇంటర్నెట్‌లో బాహాటంగా కనిపించాయి. ప్లాస్టిక్‌ను కరిగించి పోసే ప్రింటర్ నాజిల్ 200 డిగ్రీలకు పైన వేడెక్కుతుంది. ఆ వేడి హద్దు మీరకుండా కాపాడేది ఫర్మ్‌వేర్‌లోని, అంటే యంత్రం లోపలి సాఫ్ట్‌వేర్‌లోని, కొన్ని వరుసలు. నియంత్రణ పేజీ చేజిక్కించుకున్నవాడు నాజిల్‌ను గంటల తరబడి కాల్చగలడు, కొన్ని యంత్రాలలో ఆ కాపలా లేని ఫర్మ్‌వేర్‌ను ఎక్కించనూ గలడు. చుట్టూ బాల్సా చెక్క, స్పిరిట్, జిగురు, థర్మోకోల్ కొండలు ఉంటాయి, మీరేమో ఆఫీసులో ఉంటారు. మన దగ్గర చాలా ఇంటర్నెట్ కనెక్షన్లకు బయటి నుంచి చేరుకోగల సొంత పబ్లిక్ ఐపీ చిరునామా ఉండదు కనుక పోర్టు తెరిచినా పనిచేయదు. అప్పుడైనా ఊరుకోకుండా ఆ అడ్డును దాటించే ఏదో టన్నెల్ యాప్ వెదికి పెట్టుకుంటారు! బయటి నుంచి చూడక తప్పదనుకుంటే తాళం వేసిన సొంత దారి లాంటి వీపీఎన్ ద్వారానే చూడండి. లేదా ఇంటర్నెట్ తీగ లేని పాత రౌటర్ ఒకటి తెచ్చి, రైళ్లనూ ప్రింటర్‌నూ దానికి కట్టేయండి. మనిషి లేని గదిలో ప్రింటర్‌ను నడపవద్దని మాత్రం వీపీఎన్ ఉన్నవారికీ చెబుతున్నాను.

ఈ సందర్భంలో తయారీదారులను వదిలిపెట్టడం న్యాయం కాదు. చేతికందే దూరంలో ఉన్న ప్రింటర్‌కు ఒక ఫైలు పంపాలంటే ఖాతా తెరిచి, ఎక్కడో ఉన్న సర్వర్‌కు పంపి, అక్కడి నుంచి వెనక్కు తెప్పించుకోవాలనే యంత్రాలు ఎక్కువవుతున్నాయి. కొనేటప్పుడు ఇంటి నెట్‌వర్క్‌లోనే పనిచేసిన యంత్రం, భద్రత పేరు చెప్పుకుని వచ్చిన ఒక అప్‌డేట్ తర్వాత ఆ దారి మూసేస్తే, అది భద్రత అని నేను ఒప్పుకోను. పాస్‌వర్డు మార్చేవరకు పని మొదలుపెట్టనని మొండికేసే యంత్రాన్ని తయారుచేయడం అంతకంటే సులువు, ఆ పని మాత్రం ఎవరికీ గుర్తుకురాదు.

ప్రశ్న (రామగుండం నుంచి): డౌన్‌లోడ్ చేసిన ఫైలుతో పీఎల్‌ఏ ప్లాస్టిక్‌లో ఎల్‌హెచ్‌బీ (కొత్త తరహా ప్రయాణికుల బోగీ) పెట్టె ప్రింట్ చేశాను. నా హెచ్‌ఓ (1:87 స్కేలు) రైలులో మిగతా పెట్టెల పక్కన పొడవుగా కనిపిస్తోంది. పైగా ఏప్రిల్‌లో మేడ గదిలో ఉంచితే నడుము వంగింది. ప్రింటర్ లోపమా?

జవాబు: రెండింటిలోనూ ప్రింటర్ తప్పు లేదు. ఎల్‌హెచ్‌బీ పెట్టె అసలు పొడవు 23.54 మీటర్లు, 1:87లో అది సుమారు 270 మిల్లీమీటర్లు రావాలి. మీది 309 దగ్గర ఉంటే ఆ ఫైలు బ్రిటిష్ వారి ఓఓ స్కేలు, అంటే 1:76.2, కోసం గీసినది. రెండు స్కేళ్లూ 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీదే నడుస్తాయి కనుక చక్రాలు చక్కగా కూర్చుంటాయి, తప్పు బయటపడదు. స్లైసర్‌లో, అంటే ఫైలును పొరలుగా విడగొట్టి ప్రింటర్‌కు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో, 87.5 శాతానికి తగ్గించండి, కానీ గోడల మందం కూడా తగ్గుతుందని గుర్తుంచుకోండి. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు కావడం వల్ల హెచ్‌ఓలో పట్టాల మధ్య నిజానికి 19.3 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ తేడాతో మనవాళ్లంతా సర్దుకుపోతున్నారు, మీరూ సర్దుకోండి.

పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, రేకుల కింద మీ ఊరి ఎండకు అదేమంత దూరం కాదు. పెట్టెకు 80 డిగ్రీల వరకు నిలిచే పీఈటీజీ ప్లాస్టిక్ వాడండి. 0.2 మిల్లీమీటర్ల పొర హెచ్‌ఓలో అసలు రైలు మీద 17 మిల్లీమీటర్ల మెట్టుకు సమానం కనుక, పైకప్పు గాడులు స్పష్టంగా రావాలంటే పొరను 0.1కు తగ్గించండి.

ప్రశ్న (సికింద్రాబాద్ నుంచి): రెండో ఇంజన్ కొన్నాను. ఒకదానికి ఆదేశం ఇస్తే రెండూ కదులుతున్నాయి.

జవాబు: కొత్త ఇంజన్ డీకోడర్లు సాధారణంగా 3 అనే చిరునామాతోనే వస్తాయి. ఒక ఇంజన్‌ను పట్టాల మీది నుంచి తీసి, రెండోదాన్ని ఒంటరిగా ప్రోగ్రామింగ్ ట్రాక్ (ఇందుకోసం విడిగా ఉంచిన పట్టాల ముక్క) మీద పెట్టి, డీకోడర్‌లో చిరునామా ఉండే సీవీ 1 అనే గడిలో కొత్త సంఖ్య రాయండి. ప్రధాన పట్టాల మీద రెండూ ఉండగా రాస్తే రెండింటి చిరునామా కలిసే మారుతుంది, మీరు నాకు మళ్లీ ఇదే ప్రశ్న పంపవలసి వస్తుంది.