హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు వేసే ప్రయోగాత్మక టీకా: తొలి దశలో ఏం చూస్తారు?

చెన్నైలో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మాత్రలు వాడుతున్న మీ తమ్ముడు ఇలాంటి పరీక్షలో చేరితే ప్రమాదమా అని అడిగారు. తొలి దశలో ప్రధానంగా చూసేది భద్రతే. 2006లో చెన్నైలోనే టీబీసీ-ఎం4 అనే హెచ్‌ఐవీ టీకాను 32 మందిపై పరీక్షించడం మొదలైంది, కానీ వాళ్లు హెచ్‌ఐవీ లేనివాళ్లు. ఉన్నవాళ్ల విషయంలో జాగ్రత్త ఇంకో మెట్టు ఎక్కువ.

సాధారణంగా మాత్రలతో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) అదుపులో ఉన్నవాళ్లనే తీసుకుంటారు. ముందు కొద్దిమందికి తక్కువ డోసు, అది సవ్యంగా ఉంటేనే పై డోసు. సూది వేశాక అరగంటో గంటో అక్కడే కూర్చోబెడతారు. ఇంటికి థర్మామీటరు, స్కేలు, డైరీ కార్డు ఇస్తారు: వారం రోజులు జ్వరమెంత, చేతిమీద ఎరుపు ఎన్ని సెంటీమీటర్లు అన్నది రాయాలి. ముందే పారాసిటమాల్ మింగితే జ్వరం బయటపడదు. వేసుకుంటే అదీ రాయాలి.

అసలు భయం ఇక్కడ: టీకా సీడీ4 అనే రోగనిరోధక కణాలను ఉత్తేజపరుస్తుంది, వైరస్ ప్రధానంగా దాక్కునేదీ వాటిలోనే. కాబట్టి వైరల్ లోడ్ కాస్త లేవచ్చు. మాత్రలు మానకపోతే సాధారణంగా దిగిపోతుంది, అయినా రక్తం మళ్లీ మళ్లీ తీసి చూస్తారు.

సమ్మతి పత్రంపై సంతకానికి ముందు "మధ్యలో ఏఆర్‌టీ ఆపిస్తారా?" అని తప్పక అడగమనండి. కొన్ని పరీక్షల్లో ఆపిస్తారు. అప్పుడు వైరస్ తిరగబెడుతుంది, భాగస్వామికీ సోకవచ్చు. పత్రం తమిళంలో ఉంటే తెలుగులో చెప్పించుకోవాలి.