ఇండెక్సింగ్ టేబుల్‌కు ఏ మోటార్ పెట్టాలి? – సమాధానం

అన్నా, అనంతపురంలో మీ వేరుశనగ నూనె ఫిల్లింగ్ టేబుల్ (సీసాలను అంచెలంచెలుగా తిప్పి నాజిల్ కింద ఆపే ఇండెక్సింగ్ టేబుల్) ఖాళీగా ఉంటే సరిగ్గానే ఆగుతోంది, సీసాలు పెట్టగానే నాజిల్‌కు పక్కగా ఆగుతోంది అన్నారు కదా. మీ స్టెప్పర్ (చిన్న చిన్న స్టెప్పులుగా తిరిగే మోటార్) స్టెప్పులు వదిలేస్తోంది. వేగం పెరిగేకొద్దీ దాని టార్క్ (తిప్పే బలం) పడిపోతుంది. పైగా ఎంత తిరిగిందో చెప్పే ఫీడ్‌బ్యాక్ లేదు, తప్పిందని మోటార్‌ను నడిపే డ్రైవ్‌కు తెలియనే తెలియదు.

మీరిచ్చిన కొలతలే తీసుకుందాం: 600 మి.మీ. వ్యాసం, 40 కిలోల టేబుల్, ఒక్కోటి లీటరు పట్టే సీసాలు 8. ఇనర్షియా (తిరగడానికీ ఆగడానికీ బరువు చూపే మొండితనం) సుమారు 2.4 కిలో-చదరపు మీటర్లు. అర సెకనులో 45 డిగ్రీలు తిరిగి ఆగాలంటే, ఘర్షణ కాకుండానే టేబుల్ దగ్గర 30 న్యూటన్ మీటర్లు కావాలి.

750 వాట్ల సర్వో (ఫీడ్‌బ్యాక్ ఉన్న మోటార్) తీసుకోండి. 20:1 గేర్‌బాక్స్‌తో (మోటార్ 20 చుట్లకు టేబుల్ ఒక చుట్టు) టార్క్ సరిపోతుంది కానీ గేర్‌బాక్స్ ద్వారా మోటార్ మీద పడే లోడ్ ఇనర్షియా, రోటర్ (మోటార్‌లో తిరిగే భాగం) ఇనర్షియాకు 40 రెట్ల దాకా ఉంటుంది, టేబుల్ ఆగేచోట ఊగి నూనె చిందుతుంది. 50:1 ప్లానెటరీ గేర్‌బాక్స్ పెడితే అది పది రెట్ల లోపుకు వస్తుంది, మోటార్ 1500 ఆర్‌పీఎం దాటదు. కొనేముందు క్యాటలాగ్‌లో రోటర్ ఇనర్షియా తప్పకుండా చూడండి, మోడల్‌ను బట్టి మారుతుంది. బ్యాక్‌లాష్ (గేర్ పళ్ల మధ్య ఉండే వదులు) తక్కువున్న గేర్‌బాక్సే అడగండి, ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు.

స్టేషన్లు (టేబుల్ ఆగే చోట్లు) ఎప్పటికీ 8 మాత్రమే అయితే సర్వో బదులు క్యామ్ ఇండెక్సర్ (క్యామ్ ఆకారంతోనే టేబుల్‌ను తిప్పి ఆపే యంత్రం) పెట్టొచ్చు, దానికి మామూలు ఇండక్షన్ గేర్ మోటార్ చాలు.