ఉద్గారం తప్పా, త్రేనుపా?

సందేహం: “2030 నాటికి భారత్ కర్బన ఉద్గారాలను 45 శాతం తగ్గించుకుంటుంది” అని పత్రికలో చదివాను. నిఘంటువు చూస్తే ఉద్గారమంటే త్రేనుపు, వాంతి అని ఉంది. త్రేనుపులు తగ్గించుకుంటానని కేంద్ర ప్రభుత్వం ప్రపంచానికి మాటివ్వడమేమిటి? ‘విడుదల’ అంటే సరిపోదా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: నిఘంటువు తెరిచి చూసినందుకు ముందుగా మీకు నమస్కారం. ఆ అలవాటు పత్రికలవాళ్లకే ఉంటే ఈ శీర్షికలో నాకు సగం పని తగ్గేది.

నిజమేనమ్మా, ఉద్గారం త్రేనుపే. ‘గౄ’ ధాతువుకు మింగడమని అర్థం. ముందు ‘ఉత్’ చేరేసరికి మింగింది కాస్తా పైకొస్తుంది. అంతమాత్రాన అసభ్యమా? ఈ తగువు సంస్కృత ఆలంకారికుడు దండి ఏనాడో తీర్చాడు. “నిష్ఠ్యూతోద్గీర్ణవాంతాది గౌణవృత్తివ్యపాశ్రయమ్, అతిసుందరమ్” అని కావ్యాదర్శంలో ఉంది. ఉమ్మడం, త్రేన్చడం, కక్కడం వంటి మాటలు గౌణార్థంలో, అంటే అసలు అర్థంలో కాక పోలికగా పడితే మహా అందం, లేకుంటే గ్రామ్యం. చెప్పి ఊరుకున్నాడా? సూర్యకిరణాలు ఉమ్మిన నిప్పురవ్వల్ని తామరలు తాగి, ఎర్రటి పుప్పొడి చిమ్మే నోళ్లతో మళ్లీ కక్కుతున్నట్టున్నాయట! ఉమ్మి, త్రేనుపు, వాంతి మూడూ ఒక్క శ్లోకంలో పెట్టి ముక్కు మూసుకోకుండా చదివించాడు. ఆ వెంటనే, ‘వధువు ఉమ్ముతోంది’ అంటే మాత్రం హృద్యం కాదని ఒక చురక. ఆ లెక్కన పొగగొట్టం త్రేనుపు గౌణమే కనుక ఉద్గారానికి దండి అనుమతి ఉన్నట్టే. అతిసుందరమా అంటే, నన్నడక్కండి.

పాణిని ఇంకా చిత్రం. ‘ఉన్న్యోర్గ్రః’ అన్న ఒక్క సూత్రంతో ఉద్గారాన్నీ నిగారాన్నీ జంటగా సాధించాడు. నిగారమంటే మింగుడు. 2070కి చేరుకుంటామని మన ప్రధాని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రకటించిన ‘నెట్ జీరో’ ఇదే కదా, కక్కినంతా మింగేయడం! 2030 నాటికి అడవులూ చెట్లూ పెంచి అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును (మా చిన్నప్పటి పాఠాల్లో కార్బన్ డయాక్సైడ్ పేరు అదే) ఇముడ్చుకుంటామని 2015లోనే మాటిచ్చాం. దీన్ని ‘కార్బన్ సింక్’ అని రాస్తుంటే నాకు వంటింట్లో అంట్లు గుర్తొస్తాయి. నిగారం చేతిలో ఉండగా ఈ సింకు దేనికి? వాడుకలోకి వస్తుందన్న ఆశ లేదనుకోండి.

అసలు తప్పు మీరు చూపిన చోట కాదు, 45 శాతం దగ్గరుంది. 2022 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన లక్ష్యం మొత్తం ఉద్గారాల గురించి కాదు, ‘ఉద్గార తీవ్రత’ గురించి. జీడీపీలో రూపాయికి 2005లో ఎంత కక్కామో 2030కి అందులో 45 శాతం తగ్గాలి. త్రేనుపు భాషలోనే చెబితే, ముద్దకు ఇన్ని త్రేనుపులని లెక్క. ముద్దలు పెరిగితే మొత్తం త్రేనుపులూ పెరగొచ్చు, అయినా మాట తప్పినట్టు కాదు. ‘తీవ్రత’ను ఎగరగొట్టిన విలేకరి, ప్రభుత్వం ఇవ్వని మాటను దాని నోట్లో పెట్టాడు. ఆ ‘తీవ్రత’ కూడా నాకు రుచించదు, జ్వరం గురించి చెబుతున్నట్టుంటుంది. ‘తలసరి’ ఉన్నట్టే ‘రూపాయిసరి’ అనొచ్చేమో ఆలోచించాలి.

మాట ఎగిరిపోతే ఏమవుతుందిలే అనేవారికి ఒక్క ముక్క. అదే గ్లాస్గోలో బొగ్గు విద్యుత్తు ‘తొలగింపు’ను చివరి గంటల్లో మనవాళ్లు పట్టుబట్టి ‘తగ్గింపు’ చేయించారు. మాట మార్చారని నింద పడ్డారు. అక్షరాలా మార్చింది మాటనే!

‘విడుదల’ ఖైదీకీ, సినిమాకీ, జలాశయంలో నీటికీ చెల్లుతోంది. పొగకూ తప్పు కాదు. నాకైతే మన పల్లెల్లో అనే ‘పొగ కక్కుతోంది’ ఇంకా ఇష్టం. అదీ దండి దారే. ఆపైన మీ ఇష్టం.